సముద్రం లేని జిల్లాలో తీరపక్షులు: ఆటుపోట్ల పని తూము చేస్తుంది

వరంగల్ నుంచి సముద్రానికి గీత గీసి కొలిచినా సుమారు 250 కిలోమీటర్లు ఉంటుంది. అందుకే ఇక్కడ కొత్తగా పెద్ద లెన్సు కొన్నవాళ్లు తీరపక్షుల మాట రాగానే కాకినాడకో, పులికాట్ సరస్సుకో ప్రయాణం కడతారు. వెళ్లాల్సిందే. కాకినాడ పక్కనున్న కోరింగ దగ్గర నీరు తీసిన బురద మీది నుంచి పక్షుల గుంపు ఒక్కసారిగా లేచి, మలుపు తిరిగినప్పుడు తెల్లగా మెరిసి, మళ్లీ బూడిద రంగులోకి మారి వాలడం జీవితంలో ఒక్కసారైనా చూడాలి. అయితే ఆ ప్రయాణానికి ముందు ఒక సంగతి తెలుసుకుంటే చాలా శ్రమ తప్పుతుంది. ఈ పక్షుల్లో చాలావాటికి ఉప్పునీటితో పని లేదు. కాళ్లు తడిసేంత నీరు, మెత్తటి బురద, ఆ బురదలో పురుగు ఉంటే చాలు. ఈ మూడూ ఎక్కడ దొరికితే అక్కడ దిగుతాయి. ధర్మసాగర్ వెనుక, కరీంనగర్ దిగువ మానేరు జలాశయం అంచున, శ్రీరాంసాగర్ వెనుక జలాల్లో, పక్క మండలం వాళ్లకు పేరు కూడా తెలియని ఊరి కుంటలో ప్రతి చలికాలం కనిపిస్తూనే ఉంటాయి.

కనిపిస్తాయి కానీ మంచి ఫోటో దొరకదు. చెరువు కట్ట మీద నిలబడి తీస్తే తెల్లటి నీటిలో నల్లటి చుక్కలు వస్తాయి. లెన్సు చాలలేదని అందరూ అనుకుంటారు. నా అభిప్రాయం వేరు. తీరపక్షి ఫోటోను ముందుగా నిర్ణయించేది నీటి మట్టం. ఆ తర్వాత మనం కూర్చునే చోటు, నేల నుంచి కెమెరా ఉండే ఎత్తు. ఈ మూడూ కుదిరాకే లెన్సు గురించి మాట్లాడుకోవాలి.

ముందు ఇక్కడికి వచ్చేవి ఏవో చూద్దాం. వీటిలో చిన్నది లిటిల్ స్టింట్. కొలిస్తే 13 సెంటీమీటర్లు, తూస్తే పాతిక గ్రాములకు అటూ ఇటూ. ఉత్తర ధ్రువానికి దగ్గరగా ఉండే టండ్రా మైదానాల్లో గుడ్లు పెట్టి, చలి ముదిరేలోగా దక్షిణానికి బయలుదేరుతుంది. దానితో పాటు వుడ్ శాండ్‌పైపర్, గ్రీన్ శాండ్‌పైపర్, మార్ష్ శాండ్‌పైపర్, తోక ఊపుతూ ఒంటరిగా తిరిగే కామన్ శాండ్‌పైపర్, గ్రీన్‌షాంక్, రెడ్‌షాంక్, రఫ్, పొడుగు ముక్కు గాడ్విట్ వస్తాయి. మన ఊళ్లలో వీటిలో చాలావాటిని కలిపి ఉల్లంకులు అనేస్తారు. 30 దేశాల మీదుగా సాగే మధ్య ఆసియా వలస మార్గం వీటి దారి. ఆగస్టు చివరి నుంచి రావడం మొదలై ఏప్రిల్ దాకా ఉంటాయి. ముందుగా దిగేవి వయసొచ్చిన పక్షులు. ఆ ఏడు పుట్టిన పిల్లలు తల్లిదండ్రులు దారి చూపకుండానే కొన్ని వారాల తర్వాత వస్తాయి. ఇక తీతువు, పొడుగుకాళ్ల స్టిల్ట్, తామరాకుల మీద నడిచే జకానా, పెయింటెడ్ స్నైప్ వంటివి ఏడాది పొడుగునా మనతోనే ఉంటాయి.

తీరంలో బురద రోజూ బయటపడుతుంది. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. ఏ రోజు ఎన్ని గంటలకు నీరు తీస్తుందో పట్టికలో ముందే ఉంటుంది, ఫోటో తీసేవాడు దాన్ని చూసి అలారం పెట్టుకుంటాడు. మన చెరువుకు అలాంటి పట్టిక లేదు. ఇక్కడ నీటిని దించేది తూము, కాలువ, ఎండ. పోటు రోజుకు రెండుసార్లు వస్తే మన చెరువుకు అది ఏడాదికి ఒకసారి, వానాకాలంలో వస్తుంది. ఆటు మాత్రం నెలల తరబడి నెమ్మదిగా సాగుతుంది. ఈ నెమ్మదైన ఆటును చదవడం వచ్చిందంటే సగం పని అయిపోయినట్టే.

సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో వానలు బాగా పడి చెరువు నిండి మత్తడి దూకుతోందనుకోండి. ఊరికి అది పండగ. ఉల్లంకికి మాత్రం ఆ చెరువులో చోటు లేదు. అంచు దాకా నీరు, అంచున మునిగిన గడ్డి, దాని వెనుక తుమ్మ చెట్లు. వలస పక్షులు వచ్చేసి నెల దాటినా చెరువు దగ్గర కనిపించకపోవడానికి కారణం ఇదే. అవి రాకపోలేదు, చిన్న గుంపులుగా విడిపోయి పొలాల్లో, కాలువ గట్లలో, సగం ఎండిన కుంటల్లో తిరుగుతుంటాయి.

డిసెంబర్, జనవరి వచ్చేసరికి యాసంగి పనులు మొదలవుతాయి. ట్రాక్టర్ ఇనుప చక్రాలతో మడిని దమ్ము చేస్తుంటే అడుగున ఉన్న పురుగులన్నీ పైకి తేలతాయి. కొంగలు ట్రాక్టర్ వెంటే నడుస్తాయి. వాటికి కొంచెం దూరంగా స్టిల్ట్‌లు, వుడ్ శాండ్‌పైపర్లు దిగుతాయి. నాట్లు పడ్డాక ఇంకొన్నాళ్లు ఉంటాయి, పైరు గుబురుగా ఎదిగితే వెళ్లిపోతాయి. ఆ కొద్ది రోజులూ వరి మడే తీరం. పొలం గట్టు మీద ఒదిగి కూర్చుంటే పక్షి చాలా దగ్గరికి వస్తుంది. అయితే రైతును అడిగి కూర్చోవాలి, గట్టు తెగేలా తొక్కకూడదు, నారుమడి జోలికి అసలు పోకూడదు. అడిగినవాడిని కాదనే రైతు నాకు ఇంతవరకు తారసపడలేదు. పైగా ఏ మడిలో తెల్లవారుజామున స్నైప్‌లు లేచాయో ఆయనే చెబుతాడు.

ఇక చెరువుల అసలు కాలం జనవరి చివరి నుంచి మార్చి దాకా. తూము తెరిచి ఆయకట్టుకు నీరు వదులుతుంటే వెనుక శిఖం భూమి, అంటే చెరువు నిండినప్పుడు నీట మునిగి ఉండే నేల, కొద్దికొద్దిగా బయటపడుతుంది. ఇక్కడ ఒక చిన్న లెక్క వేస్తే పక్షి ఎక్కడ నిలబడుతుందో ముందే చెప్పొచ్చు. చెరువు వెనుక భాగంలో నేల 100 మీటర్లకు అర మీటరు చొప్పున వాలి ఉందనుకుందాం. నీరు ఒక్క సెంటీమీటరు దిగితే 2 మీటర్ల వెడల్పున కొత్త బురద తేలుతుంది. వారంలో 10 సెంటీమీటర్లు దిగితే 20 మీటర్లు. లిటిల్ స్టింట్ కాళ్లు పొట్టివి, 2, 3 సెంటీమీటర్ల లోతు దాటితే మేత వెతకలేదు. అంటే ఆ వాలులో దానికి పనికొచ్చే నీరు అంచు నుంచి 4 నుంచి 6 మీటర్ల పట్టీ మాత్రమే. స్టిల్ట్ 15 సెంటీమీటర్ల లోతులోనూ నడుస్తుంది కాబట్టి దానికి 30 మీటర్ల పట్టీ ఉంది. అందుకే ఒకే చెరువులో స్టింట్ ఎప్పుడూ అంచున పరుగెత్తుతూ కనిపిస్తుంది, స్టిల్ట్ లోపల నిలబడి ఉంటుంది. కొత్త లెన్సు మీద పెట్టే డబ్బు కంటే ఈ పట్టీ ఎక్కడుందో కనిపెట్టడం మీద పెట్టే సమయం ఎక్కువ ఫలితం ఇస్తుంది.

ఇదే లెక్కను తిప్పి చూడండి. చెరువు అంచును యంత్రంతో తవ్వి, 2 మీటర్లకు ఒక మీటరు వాలుగా నిలబెట్టారనుకుందాం. అప్పుడు స్టింట్‌కు మిగిలే పట్టీ 6 సెంటీమీటర్లు. పక్షి అక్కడ దిగదు, దిగినా నిలవదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద రాష్ట్రమంతటా చెరువుల పూడిక తీశారు. పూడిక తీయడం అవసరం. నీటి నిల్వ పెరుగుతుంది, ఆ మట్టి పొలానికి బలం. నేను కోరేదల్లా తవ్వకం కట్ట వైపు లోతులో జరిగి, వెనుక శిఖం వైపు పలుచటి వాలు వాలుగానే మిగలాలని. మొరం కోసం, ఇటుక మట్టి కోసం శిఖంలో నిలువునా తవ్విన గుంతలు పక్షికీ పనికిరావు, పశువుకూ మంచివి కావు.

చూడ ముచ్చటైన చెరువు వేరు, ఉల్లంకి దిగే చెరువు వేరు అని కూడా ఈ లెక్కే చెబుతుంది. 13వ శతాబ్దంలో కాకతీయుల కాలంలో కట్టిన పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కొండల మధ్య కట్ట వేసి నిలిపినవి. ప్రకృతి దృశ్యానికి వాటిని మించినవి లేవు. కానీ కొండ నిటారుగా వచ్చి నీటిలో దిగే చోట బురద పట్టీ సన్నగా ఉంటుంది, దాని వెనుకే అడవి ఉంటుంది. తీరపక్షికి చుట్టూ ఖాళీ కావాలి, డేగ ఎటు నుంచి వచ్చినా దూరం నుంచే కనబడాలి. కాబట్టి మైదానంలో పరుచుకున్న మామూలు ఊరి చెరువే దానికి ఇష్టం.

పెద్ద జలాశయాల సంగతి ఇంకొంచెం వేరు. పోచంపాడు దగ్గర గోదావరి మీద కట్టిన శ్రీరాంసాగర్ పూర్తి మట్టం 1,091 అడుగులు. అక్కడి నుంచి కాకతీయ కాలువ ద్వారా దిగువ మానేరుకు, ఆపై వరంగల్ వైపు నీరు వస్తుంది. ఇలా కాలువలతో, ఎత్తిపోతలతో నింపే చోట మట్టం ఋతువును బట్టి మారదు, నీటి విడుదలను బట్టి మారుతుంది. ఫిబ్రవరిలో బురద తేలిన చోట మార్చిలో మళ్లీ నీరు నిలవొచ్చు. అందుకే జిల్లా పేజీల్లో వచ్చే జలాశయాల మట్టం వార్తను పక్షి ఫోటోలు తీసేవాళ్లు తప్పక చదవాలి. ఎంత ఉంది అన్నదాని కంటే నిన్నటి కంటే తగ్గిందా పెరిగిందా అన్నది ముఖ్యం. నాలుగైదు రోజులుగా నెమ్మదిగా తగ్గుతుంటే వెళ్లండి. పెరుగుతుంటే ఆగండి. మరీ వేగంగా తగ్గినా లాభం లేదు. బురద పైపొర ఎండి పగులుతుంది, పురుగులు లోపలికి పోతాయి, పక్షి ముక్కు దిగదు. నందిపేట వైపు, బాసర వైపు శ్రీరాంసాగర్ వెనుక జలాలు వేసవి దగ్గరపడే కొద్దీ వెనక్కి జరుగుతూ విశాలమైన మైదానాలను వదిలిపెడతాయి. ఆ మైదానం మధ్యలో నిలబడితే పక్షి ఉండదు. నీటి అంచు ఎక్కడికి పోయిందో అక్కడికి నడవాలి.

ఎక్కడ కూర్చోవాలి

కట్ట దిగండి. కట్ట ఉన్నది చెరువులో అన్నిటికంటే లోతైన చోట, పక్షి ఉన్నది దానికి ఎదురుగా దూరాన పలుచటి చోట. కట్ట మీది నుంచి ఎంత పెద్ద లెన్సుతో తీసినా లాభం లేకపోవడానికి మొదటి కారణం ఇదే. ఫోనులో ఉపగ్రహ చిత్రం తెరిచి చెరువు వెనుక భాగానికి బండి దారి ఎటు ఉందో చూసుకోండి. ఉదయం వేళ సూర్యుడు మీ వీపు మీద పడాలంటే పక్షికి తూర్పున మీరు ఉండాలి. కాబట్టి తూర్పు అంచున పలుచటి బురద ఉన్న చెరువు ఉదయానికి, పడమటి అంచున ఉన్నది సాయంత్రానికి. మీ చుట్టుపక్కల చెరువులను ఇలా రెండు జాబితాలుగా రాసి పెట్టుకుంటే వృథా ప్రయాణాలు చాలా తగ్గుతాయి.

బురదలోకి దిగే ముందు జాగ్రత్త. పైన ఆరినట్టు కనిపించే నల్లటి ఒండ్రు తొడల దాకా దిగబడొచ్చు. చేపలు పట్టేవాళ్లను అడిగితే ఎక్కడ నేల గట్టిగా ఉందో, పాత గుంతలు ఎక్కడున్నాయో చెబుతారు. వాళ్లకు తెలిసినంత ఏ పటానికీ తెలియదు. పాకాల అభయారణ్యం, అక్కడ మొసళ్లు ఉన్నాయి. అటవీ శాఖ అనుమతి లేకుండా, దారి తెలిసినవారు లేకుండా నీటి అంచుకు వెళ్లకూడదు.

దూరం విషయంలో అంకెలు కళ్లు తెరిపిస్తాయి. 600 మిల్లీమీటర్ల లెన్సుతో 30 మీటర్ల దూరంలో ఉన్న లిటిల్ స్టింట్‌ను తీస్తే కెమెరా లోపల బొమ్మ పడే సెన్సార్ మీద దాని బొమ్మ 2.6 మిల్లీమీటర్లు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా సెన్సార్ వెడల్పు 36 మిల్లీమీటర్లు. అంటే ఫోటో వెడల్పులో పక్షి పద్నాలుగో వంతు మాత్రమే. అదే పక్షి 10 మీటర్లకు వస్తే అదే లెన్సుతో బొమ్మ మూడు రెట్లు పెద్దదవుతుంది. లక్షలు పోసినా ఇంతకు మూడు రెట్లు పొడవైన లెన్సు దొరకదు. 20 మీటర్లు దగ్గరైతే ఆ పని ఉచితంగా జరుగుతుంది. చిన్న సెన్సార్ కెమెరా, 400 మిల్లీమీటర్ల లెన్సు ఉన్నవాళ్లు నిరుత్సాహపడాల్సిన పని లేదని చెప్పడానికే ఈ లెక్క.

కానీ ఆ 20 మీటర్లు మనం నడవకూడదు, పక్షి నడవాలి. ఇక్కడే చాలామంది ఓపిక కోల్పోతారు. చెరువు దగ్గర గేదెలు, గొర్రెల కాపరులు, బట్టలు ఉతికేవాళ్లు రోజంతా తిరుగుతుంటారు. పక్షులకు వాళ్ల అలవాటు ఉంది. తన మానాన తాను నడిచి వెళ్లే మనిషిని ఉల్లంకి పెద్దగా పట్టించుకోదు. తన వైపే చూస్తూ, ఆగుతూ, వంగుతూ, నేరుగా వచ్చే మనిషి అంటేనే దానికి భయం. కాబట్టి పక్షి వైపు వెళ్లకండి. అది మేస్తూ ఏ దిక్కుకు కదులుతోందో కాసేపు దూరం నుంచి గమనించండి. నీటి అంచు వెంట ఎటు వస్తోందో తెలిశాక, దాని దారిలో చాలా ముందుగా వెళ్లి కూర్చోండి, వీలైతే పడుకోండి. మట్టి రంగు బట్టలు, మొహం మీద ఒక తుండు చాలు. కదలిక ఆగాక మీరు దాని కంటికి ఒక మట్టి గడ్డ.

అలా పడుకున్నప్పుడు లిటిల్ రింగ్డ్ ప్లోవర్ ఎదురుగా వస్తే దాని పని తీరు చూడండి. నాలుగైదు అడుగులు పరుగు, టక్కున ఆగడం, తల కొద్దిగా పక్కకు వంచడం, వంగి ముక్కుతో ఒక్కసారి పొడవడం, మళ్లీ పరుగు. కంటి చుట్టూ పసుపు వలయం, ఎండ పడితే నాణెం అంచులా మెరుస్తుంది. ఆగినప్పుడు ఒక్కోసారి ఒక కాలు ముందుకు చాచి తడి బురద మీద వణికిస్తుంది. ఆ వణుకుకు అడుగున ఉన్న పురుగు కదులుతుంది, కదిలిన పురుగును కన్ను పట్టేస్తుంది. ప్లోవర్లు ముఖ్యంగా కంటితో వేటాడతాయి, అందుకే వాటికి పెద్ద కళ్లు, పొట్టి ముక్కు. స్నైప్, గాడ్విట్ వంటివి ముక్కుతో తడిమి వేటాడతాయి. స్నైప్ తన పొడవాటి ముక్కు చివరను మాత్రమే బురద లోపల తెరవగలదు. ఈ తేడా తెలిస్తే షట్టర్ ఎప్పుడు నొక్కాలో తెలుస్తుంది. ప్లోవర్ ఆగిన ప్రతిసారీ, తల ఎత్తి ఉన్న ఆ అర సెకను మీదే. గాడ్విట్ తల నీటిలోనే ఉంచుతుంది, అది ముక్కు పైకి తీసి పురుగును మింగే క్షణం కోసం కాచుకోవాలి.

ఎత్తు గురించి

తీరపక్షుల ఫోటోల్లో మామూలు ఫోటోకూ మనసులో నిలిచే ఫోటోకూ మధ్య తేడా చాలావరకు ఎత్తులోనే ఉంది. కారణం కూడా లెక్కే. 10 సెంటీమీటర్ల ఎత్తున్న పక్షి 15 మీటర్ల దూరంలో ఉంది. మీరు నిలబడి 160 సెంటీమీటర్ల ఎత్తు నుంచి తీస్తే, పక్షి తల మీదుగా వెళ్లే చూపు దాని వెనుక సరిగ్గా ఒక మీటరుకే నేలను తాకుతుంది. పక్షికీ నేలకూ మధ్య ఒక మీటరే ఉంటే వెనుక బురదలోని ప్రతి పెంకూ, ప్రతి అడుగుజాడా కనిపిస్తుంది. పక్షి అందులో కలిసిపోతుంది. అలా కలిసిపోవడానికే కదా దానికి ఆ రంగులున్నది. ఇప్పుడు కెమెరాను 20 సెంటీమీటర్ల ఎత్తుకు దించండి. అదే చూపు పక్షి వెనుక 15 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. అంత దూరంలోని బురద పూర్తిగా మసకబారి ఒకే రంగుగా మారుతుంది, పక్షి ఒక్కటే తేలి వస్తుంది. లెన్సు మార్చలేదు, సెట్టింగులు మార్చలేదు. మోకాళ్ల మీద కూర్చున్నా కొంత లాభమే, పడుకుంటే పూర్తి లాభం. దీనికి ఒక ఇసుక సంచి, కింద పరచడానికి ఒక ప్లాస్టిక్ పట్టా ఉంటే చాలు. త్రిపాద స్టాండు ఇంట్లో పెట్టి రావచ్చు.

కిందికి దిగినప్పుడు ఒక కష్టం ఎదురవుతుంది. ఎండ ఎక్కాక తడి నేల మీద గాలి పొరలు వేడెక్కి కదులుతుంటాయి. నేలకు దగ్గరగా చూస్తే ఆ కదలిక మరింత ఎక్కువ. ఫోకస్ సరిగానే పడినా ఈకల గీతలు కరిగిపోయినట్టు వస్తాయి, లెన్సులో దోషం అనుకుని మరమ్మతుకు పంపేవాళ్లూ ఉన్నారు. మన దగ్గర చలికాలంలో పొద్దు పొడిచిన తర్వాత రెండు గంటలు, సాయంత్రం చివరి గంట మాత్రమే నమ్మదగినవి. ఫిబ్రవరి దాటితే ఉదయం సమయం ఇంకా తగ్గుతుంది. ఎండ ముదిరాక దూరపు పక్షిని తీయకుండా దగ్గరికి వచ్చినదాన్నే తీయాలి. గాలి పొర ఎంత తక్కువైతే వణుకు అంత తక్కువ.

వెలుగు కొలతలో రెండు సంగతులు గుర్తుంచుకుంటే చాలు. నల్లటి బురద మీద తెల్లటి స్టిల్ట్ ఉంటే కెమెరా బురదను చూసి వెలుగు పెంచేస్తుంది, స్టిల్ట్ పొట్ట మీద ఈక ఆనవాలు లేకుండా తెల్లబారుతుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ తగ్గించాలి. తెల్లటి ఆకాశం ముందు ఎగిరే పక్షికి దీనికి వ్యతిరేకం, పెంచాలి. ఎగిరేటప్పుడు షట్టర్ వేగం 1/2000 సెకనుకు తగ్గకూడదు, స్టింట్ వంటి చిన్నవాటికి 1/3200 మేలు.

ఏ పక్షి అన్నది తేల్చుకోవడం

బూడిద, గోధుమ రంగు పక్షులన్నీ ఒకేలా కనిపిస్తాయని చాలామంది వీటిని వదిలేసి మళ్లీ లకుముకి పిట్టల దగ్గరికి వెళ్లిపోతారు. అది నాకు బాధ కలిగించే విషయం. నాలుగు గుర్తులు పట్టుకుంటే ఇక్కడికి వచ్చే జాతుల్లో ఎక్కువ భాగం తేలిపోతాయి. వుడ్ శాండ్‌పైపర్‌కు కంటి మీదుగా పొడవైన తెల్లటి గీత, వీపు మీద చుక్కలు, ఎగిరితే రెక్క అడుగు లేత రంగు. గ్రీన్ శాండ్‌పైపర్ ముదురు రంగు పక్షి, ఎగిరితే రెక్క అడుగు దాదాపు నలుపు, నడుము తెల్లగా మెరుస్తుంది. మార్ష్ శాండ్‌పైపర్ ముక్కు సూదిలా తిన్నగా ఉంటుంది, గ్రీన్‌షాంక్ ముక్కు మందంగా ఉండి కొద్దిగా పైకి వంగి ఉంటుంది. లిటిల్ స్టింట్ కాళ్లు నలుపు, టెమింక్స్ స్టింట్ కాళ్లు పసుపు ఆకుపచ్చ కలిసిన రంగు.

ఈ చివరి గుర్తు దగ్గరే మన చెరువుల్లో ఎక్కువ తికమక. నల్లరేగడి ఒండ్రులో మేసిన ఏ పక్షి కాళ్లయినా నల్లగానే కనిపిస్తాయి. తీరంలో ఇసుక మీద తీసిన ఫోటోలతో పోల్చి చూస్తే తప్పుడు పేరు పెట్టడం ఖాయం. కాళ్ల రంగు కోసం ఆ పక్షి నీటిలోకి దిగి బయటికి వచ్చే దాకా ఆగాలి, లేదంటే వీపును చూడాలి. టెమింక్స్ వీపు గీతలు, చుక్కలు లేకుండా సాదాగా ఉంటుంది, ఎగిరితే తోక పక్క ఈకలు తెల్లగా కనబడతాయి. అందుకే అందమైన ఫోటోతో పాటు గుర్తుపట్టడానికి వేరే ఫోటోలు తీసుకోవాలని చెబుతాను. వీపు కనిపించేలా ఒకటి, ఎగిరేటప్పుడు తోక, రెక్క అడుగు కనిపించేలా ఒకటి. మసకగా వచ్చినా చెరపకండి. 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతున్న ఆసియా నీటి పక్షుల గణన వంటి పనులకు తేదీ, చెరువు పేరు ఉన్న అలాంటి ఫోటో ఎంతో ఉపయోగం.

వేసవి దాకా కెమెరా వదలనివాళ్లకు మార్చి, ఏప్రిల్ నెలలు ఒక కానుక. బూడిద రంగులో వచ్చిన గాడ్విట్ మెడ ఇటుక రంగు తిరుగుతుంది, స్టింట్ వీపు మీద ఎర్రటి అంచులు వస్తాయి. ఉత్తరానికి వెళ్లే ముందు వేసుకునే ఈకలు ఇవి. ఈ సమయంలోనే అవి అన్నిటికంటే ఎక్కువ తినాలి. 2022లో అలాస్కా నుంచి బయలుదేరిన బార్‌టెయిల్డ్ గాడ్విట్ పిల్ల ఒకటి ఎక్కడా దిగకుండా 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎగిరి టాస్మేనియాలో వాలింది. ఆ ప్రయాణానికి ఇంధనం అంతా బయలుదేరే ముందు ఒంట్లో పోగేసుకున్న కొవ్వే. మన చెరువులో మేసే పక్షి కూడా అదే పని చేస్తోంది. మనం లేపిన ప్రతిసారీ దాని మేత సమయం పోతుంది, పోగేసిన కొవ్వూ ఖర్చవుతుంది. మేత ఆపి మెడ చాచి నిలబడిందంటే మీరు ఎక్కువ దగ్గరికి వచ్చారని అర్థం. తల కిందికీ పైకీ ఊపడం మొదలుపెట్టిందంటే తర్వాతది ఎగరడమే. మొదటి గుర్తుకే ఆగిపోవాలి.

ఫిబ్రవరి నుంచి గోదావరి, మానేరు ఇసుక తిన్నెల మీద ఇంకో జాగ్రత్త అవసరం. చిన్న ప్రాటిన్‌కోల్, రివర్ టెర్న్, లిటిల్ రింగ్డ్ ప్లోవర్ ఆ ఇసుకలోనే చిన్న గుంత చేసి గుడ్లు పెడతాయి. గుడ్లు గులకరాళ్ల రంగులో ఉంటాయి, కాలు పడే దాకా కనబడవు. ప్లోవర్ రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ మీ ముందు పరుగెత్తితే అది ఫోటో అవకాశం కాదు. గూడు మీకు అతి దగ్గరలో ఉందని అది చెబుతోంది. వచ్చిన అడుగుల మీదే వెనక్కి రావాలి. మన ఏప్రిల్ ఎండలో తల్లి గుడ్ల మీద కూర్చునేది పొదగడానికి మాత్రమే కాదు, నీడ ఇవ్వడానికి. కొన్ని పక్షులు పొట్ట ఈకలు నీటిలో తడుపుకుని వచ్చి గుడ్లను చల్లబరుస్తాయి. మనిషి పక్కన ఉన్నంతసేపూ ఆ తల్లి గాలిలో తిరుగుతూ అరుస్తుంది, గుడ్లు ఎండలో ఉడుకుతాయి. గూళ్ల ఫోటోలు తీయకపోవడమే సరైన పని.

చెరువు దగ్గర ఇలా ఒక చలికాలం గడిపినవారికి కాకినాడ ప్రయాణం వేరేలా ఉంటుంది. అక్కడ నీరు కొన్ని గంటల్లోనే కదిలిపోతుంది కాబట్టి ఇక్కడ వారాల్లో చూసినదంతా ఒక్క పూటలో కళ్ల ముందు జరుగుతుంది. నీరు పూర్తిగా తీసినప్పుడు వెళితే పక్షులు కిలోమీటర్ల బురదలో చెల్లాచెదురుగా ఉంటాయి. పోటు నిండడానికి రెండు మూడు గంటల ముందు, పై అంచున, ఎండ వీపు మీద పడే చోట వెళ్లి పడుకోవాలి. నీరు పెరిగే కొద్దీ మేసే పట్టీ సన్నబడుతుంది, పక్షులు దానితో పాటే మీ వైపు జరుగుతాయి. అమావాస్య, పౌర్ణమి దగ్గరి రోజుల్లో పోటు ఎక్కువ కాబట్టి ఇంకా దగ్గరికి వస్తాయి. వెనక్కి వచ్చే దారి ముందే చూసి పెట్టుకోవాలి, ఎందుకంటే నీరు మీ వైపు కూడా వస్తుంది. పోటు నిండాక పక్షులన్నీ ఒక ఎత్తైన తిన్నె మీద గుంపుగా చేరి, ముక్కు వీపు ఈకల్లో దూర్చి నిద్రపోతాయి. అప్పుడు వాటి దగ్గరికి వెళ్లకూడదు. ఆటు మొదలై అవి మళ్లీ మేతకు దిగే దాకా దూరంగా ఉండాలి.